మోటారుకు పెట్టిన బొట్టు

నా చిన్నప్పుడు మా లంకలో జరిగిన ఈ సంగతిలో ప్రతి ముక్కా నిజం. గోదావరి నీళ్ళు దోసిట్లో పట్టుకుని, తూర్పుకు తిరిగి, ప్రమాణం చేసి చెబుతున్నాను. రెండు చేతుల్లోనూ నీళ్ళుంటే మరి ఇది రాస్తున్నదెవరని కొందరు అడుగుతారు. అలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళకి జవాబు చెప్పడం నేను చాలా ఏళ్ళ కిందటే మానేశాను.

ముందు మా లంక గురించి చెప్పాలి. గోదావరి రెండు పాయలుగా చీలి మళ్ళీ కలిసేలోగా మధ్యలో మిగిలిపోయిన ఒండ్రు నేల అది. వంకాయ, దోస, అరటి, పొగాకు, ఏది నాటినా విరగకాసేది. తెలివి ఒక్కటే కాసేది కాదు. నాలుగువైపులా నీళ్ళుండడం వల్ల బయటివాళ్ళ తెలివి లోపలికి వచ్చేది కాదు, లోపలివాళ్ళ తెలివితక్కువతనం బయటికి పోయేది కాదు. వరదొచ్చినప్పుడల్లా ఇళ్ళల్లో ఉన్నవన్నీ ఊడ్చుకుపోయేది గానీ ఆ తెలివితక్కువతనాన్ని మాత్రం ముట్టుకునేది కాదు. నేనూ ఆ నేల మీదే పుట్టినవాణ్ణి కనుక ఈ మాట అనే హక్కు నాకుంది.

ఆ లంకలో పదేళ్ళకే నాకు కోతలరాయుడని పేరు. రేవులో ముక్కుపుడక పెట్టుకున్న మొసలిని చూశానని చెబితే, ఆడవాళ్ళు వారం రోజులు రేవులో బట్టలుతకలేదు. ఎగువన పెద్ద వరద బయల్దేరిందని చెబితే, మండువేసవిలో సగం లంక కోళ్ళతో సహా బడి మేడెక్కి కూర్చుంది. నేను అబద్ధాలకోరునని తిట్టారే గానీ, ఎండాకాలంలో వరదేమిటని ఒక్కరూ తమని తాము తిట్టుకోలేదు. ఆ తరవాత మాత్రం నేను పొద్దు పొడిచిందని చెప్పినా ఒకసారి బయటికొచ్చి చూసుకునేవారు.

మా మేనత్త, అంటే మా నాన్నగారి అక్క, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేది. పిల్లల్లేరు. మామయ్య పచ్చకామెర్లతో పోయి అప్పటికి రెండేళ్ళు. ఆయన వదిలి వెళ్ళినవి ఒక నాటుపడవ, దాని వెనక చెక్కకు తగిలించే ఒక పాత మోటారు. ఎవరో దొర వదిలించుకున్న ఆ మోటారు రాజమండ్రిలో పాతసామాన్ల కొట్లో తుప్పుపట్టి పడుంటే, ఆయన తెచ్చుకుని, ఒక వానాకాలమంతా విప్పి, బిగించి, దానికి ప్రాణం పోశాడు. పైన బరువైన గుండ్రటి చక్రం, దాని కింద కొబ్బరికాయంత ఇంజను, అక్కణ్ణించి నీళ్ళలోకి దిగే పొడుగాటి కాడ, కాడ చివర రెక్కలు. చక్రానికి తాడు చుట్టి గట్టిగా ఒక్క గుంజు గుంజితే స్టార్టవ్వాలి. అయిందంటే ఆ చప్పుడుకి ఇసుకతిన్నెల మీద కొంగలన్నీ ఒక్కసారి లేచేవి. మోటారు పలికిందో లేదో ఇంట్లో కూర్చుని కొంగల్ని చూసి చెప్పవచ్చు.

మామయ్య పోయాక పడవ మూలపడుతుందని అందరూ ఎంతో సానుభూతితో ఎదురుచూశారు. అది జరగలేదు. తెల్లారేసరికి పాలక్యాన్లూ, కూరగాయల గంపలూ, వాటిని అమ్ముకునే ఆడవాళ్ళూ ఎక్కి కూర్చుంటే, మేనత్తే తాడు లాగి, మేనత్తే చుక్కాని పట్టి, అవతలి గట్టున పాలకొల్లు బస్సుకి అందించేది. తెడ్లు వేసుకుంటూ వెళితే పాలు విరిగేవి, బస్సు వెళ్ళిపోయేది. ఆ మోటారే ఆవిడ తిండి, ఆవిడ బట్ట, ఆవిడ నోటి దురుసు. అది లేకపోతే ఆవిడ వెళ్ళి బావగారింట్లో వెనక వసారాలో ఉండాలి. ఆ వసారాలో అప్పటికే వాళ్ళ పిన్ని ఒకావిడ ఉండేది. మొగుడు పోయిన నాడు వచ్చి చేరింది. ఆవిడ గొంతు ఎలా ఉంటుందో లంకలో ఎవరికీ గుర్తులేదు.

ఇక బొట్టు సంగతి. ప్రతి శుక్రవారం మేనత్త మోటారుని కడిగి తుడిచి, కుంకుమలో ఒక చుక్క ఆముదం కలిపి, చక్రం అంచు మీద నిండుగా బొట్టు పెట్టేది. పసుపూ కుంకుమా పోయిన మనిషి కుంకుమభరిణె ముట్టుకోవడం ఏంటని మొదట్లో గొణిగారు. ఆవిడ ఊరుకోలేదు. "నన్ను పెట్టుకోవద్దన్నారు గానీ మోటారుకి పెట్టొద్దన్నారా? దాని మొగుడు ఏ సీమలోనో బతికే ఉన్నాడేమో, మీకేం తెలుసు?" అంది. ఆ మాట విని, పాపం ఈవిడ పోయిన ఆయన్నే ఆ ఇనుములో చూసుకుంటోందని ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. మా లంకవాళ్ళకి ఒకసారి జాలి పుట్టిందంటే ఇక కళ్ళు కనపడవు.

ఇక్కడ ఆ మోటారు మర్మం కాస్త చెప్పాలి. తెలిసినవాళ్ళు ఈ పేరా వదిలేయవచ్చు. తెలుసనుకునేవాళ్ళు మాత్రం తప్పకుండా చదవాలి. చక్రం కింద ఒక పళ్ళెం ఉంటుంది. దాని మీద ఒకదానికొకటి ఆనుకుని రెండు చిన్న ఇనప పళ్ళుంటాయి. వాటినే పాయింట్లంటారు. అవి విడిపోయిన క్షణాన ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. ఎంత విడిపోవాలన్నది ఒక లెక్క, ఎప్పుడు విడిపోవాలన్నది ఇంకో లెక్క. ఈ రెండో లెక్క కోసం చక్రం అంచున ఒక గీత, మోటారు ఒంటి మీద ఇంకో గీత పెట్టి ఉంచుతారు. చక్రం తిప్పుతుంటే ఆ రెండు గీతలూ ఎదురుపడిన చోట పాయింట్లు అప్పుడే విడిపోతున్నట్టుగా కింద పళ్ళేన్ని జరిపి బిగించాలి. గీత తప్పితే నిప్పు ముందే పుట్టి మోటారు వెనక్కి తంతుంది, లేదా ఆలస్యంగా పుట్టి దగ్గి ఊరుకుంటుంది. మామయ్య దసరాకి ఆ చక్రం మీద గీత ఉన్నచోటే బొట్టు పెట్టేవాడు. అది లంకంతా చూసింది. ఆయన పెట్టిన చోటే ఈవిడా పెడుతోందని లంకంతా అనుకుంది. పక్కకు వంగి చూసినవాడు లేడు.

మేనత్త బావగారిని నేను పెదమామయ్య అనేవాణ్ణి. మామయ్యకి అన్నగారు. మడత నలగని పంచె, దానికి తగ్గ మెడ. ఏ వస్తువుని చూసినా, ఇది ఇంకా నా దగ్గరికి రాకుండా ఏం చేస్తోందని అడుగుతున్నట్టుండేది ఆయన చూపు. తమ్ముడి సామాను ఉమ్మడి సొత్తనీ, ఆడది పడవ మోటారు లాగడం ఇంటికి తలవంపులనీ, దాన్ని తన పొగాకు పడవకి తగిలించుకుంటాననీ పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాడు. పెద్దమనుషులంటే బడి అరుగు మీద చుట్టలు కాల్చే అయిదారుగురు. సైకిలు చైను ఊడితే ఎక్కించుకోవడం వాళ్ళలో ఒక్కరికీ రాదు. మోటారు ఎవరిదో తేల్చమంటే మాత్రం వెంటనే గొంతులు సవరించుకున్నారు.

మేనత్త వాళ్ళ ముందు కొంగు కప్పుకుని నిలబడి, చాలా నెమ్మదిగా మాట్లాడింది. ఆవిడ నెమ్మదిగా మాట్లాడితే భయపడాలని నాకు తెలుసు. వాళ్ళకి తెలియదు.

"తీసుకెళ్ళమనండి, నాకేం అభ్యంతరం లేదు. పాయింట్లు అరిగితే సాపు చేద్దామని విప్పి పెట్టాను. ఆదివారం రేవులో మీ అందరి ఎదటా వాటిని సర్దించుకుని స్టార్ట్ చేయించమనండి. స్టార్టయితే పడవా మోటారూ బావగారివి, నేను వసారాలోకొచ్చి పడుంటాను. కాకపోతే మళ్ళీ నా పడవ ఊసెత్తకూడదు."

పెద్దమనుషులు తలలూపారు. న్యాయం బాగుందని కాదు. ఆదివారం పూట వాళ్ళకి వేరే కాలక్షేపం లేదు.

ఆ సాయంత్రం మేనత్త పెరట్లో పీట మీద కూర్చుని చిన్న ఆకురాయితో పాయింట్లు రుద్దుతోంది. నేను వెళ్ళి పక్కన చతికిలబడ్డాను. ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఎవరికీ చెప్పనంటే నీకొక మాట చెప్తానురా."

"చెప్పనత్తా."

"నా మీద ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

"బొట్టు ఉన్నచోట గీత లేదు. శుక్రవారానికింత చొప్పున జరుపుకుంటూ వచ్చాను. అసలు గీత చక్రం మీద పోతపోసిన పేరుంది చూడు, దాంట్లో చివరి అక్షరం కింద ఉంది. మైనం కూరి పైన నల్లరంగేశాను. గోటితో గీరితే బయటపడుతుంది."

లంకలో ఏ పెద్దమనిషికీ తెలియని రహస్యం పదేళ్ళవాడి చేతిలో పెట్టింది. నేను దాన్ని మా ఇంటిదాకా మోసుకెళ్ళాలనే బయల్దేరాను. మా ఇల్లు నాలుగిళ్ళ అవతల. రెండో ఇంటి దగ్గరికొచ్చేసరికి అది మోయలేనంత బరువైంది. అక్కడ దించేశాను. మూడో ఇంట్లో ఇంకాస్త వివరంగా చెప్పాను. దీపాలు పెట్టే వేళకి లంకంతా తెలిసింది. అందరూ నవ్వారు. ముక్కుపుడక మొసలి ఈసారి మోటారు చక్రం మీదికెక్కిందా అని అడిగారు. నా జీవితంలో అచ్చమైన నిజం చెప్పి అంత అవమానపడడం అదే మొదలు. కళ్ళనీళ్ళు పెట్టుకుని దేవుళ్ళందరి మీదా ఒట్లు వేశాను. ఒట్లు పెరిగిన కొద్దీ నవ్వులు పెరిగాయి.

కబురు పెదమామయ్యకీ చేరింది. ఆయనకి నా మీద పాత పగ ఒకటుంది. అంతకు ముందు ఏడు ఆయన గేదె నది ఈది అవతలి గట్టుకి పోయిందని చెప్పాను. రోజంతా ఎండలో ఆ గట్టంతా వెతుక్కుని తిరిగొచ్చేసరికి గేదె ఆయన పాకలోనే నెమరేస్తోంది. పాకలో చూడకుండా నదిదాటి పోవడం నేను నేర్పిన విద్య కాదు. ఆయన మాత్రం, వాడు ఫలానాచోట ఉందన్నాడంటే ఆ ఒక్కచోట తప్ప ఎక్కడైనా ఉంటుందని తీర్మానం చేసేశాడు.

ఆదివారం పొద్దున్నే రాజమండ్రి నుంచి మెకానిక్కుని తీసుకొచ్చారు. నల్లకళ్ళద్దాలు, వెనక జేబులో దువ్వెన, చేతిలో రేకు పెట్టె. పడవ దిగుతూనే దువ్వెన తీశాడు. లంకలో తనని చూడ్డానికి వచ్చిన జనాన్ని చూసి రెండోసారి దువ్వుకున్నాడు. స్కూటర్లు, మోటారుసైకిళ్ళు, పంపుసెట్లు, ఒకసారి రైలింజను కూడా బాగుచేశానని చెప్పాడు. వింటుంటే నాకు ఒళ్ళు మండింది. నేను చెబితే నవ్వే జనం, కళ్ళద్దాలు పెట్టుకుని ఎవడో చెబితే నోళ్ళు తెరుచుకుని విన్నారు. కోతలో నాకంటే వాడు గొప్పవాడేమీ కాదు. బట్టలు బాగున్నాయంతే.

పాయింట్ల ఎడం మాత్రం సరిగానే సర్దాడు. పల్చటి రేకుల గేజీ ఒకటి తీసి, పాయింట్ల మధ్య దూర్చి, బిగుతు చూసి మర బిగించాడు. అన్యాయంగా మాట్లాడకూడదు, ఆ ఒక్క పనీ వాడికి వచ్చు. తరవాత, గుర్తు ఎక్కడండీ అని అడిగాడు.

"ఎర్రగా కనబడట్లేదా?" అన్నాడు పెదమామయ్య. "మా తమ్ముడు గుర్తు చూపించిన చోటే ఆవిడ బొట్టు పెడుతుంది. ఆ మాత్రం భక్తి ఉందిలే."

మెకానిక్కు వంగి చూశాడు. బొట్టు అర్ధరూపాయంత ఉంది. "ఇంత వెడల్పుంటే కష్టమండీ. తుడిస్తే కింద గీత కనబడుతుంది," అని గుడ్డ తీశాడు.

పెదమామయ్య వాడి చెయ్యి పట్టుకుని ఆపేశాడు. "కుంకుమ చెరుపుతావా? బుద్ధుందా నీకు? నడిమధ్యకి చూసుకుని బిగించు."

వెనకున్న పెద్దమనుషులు కూడా, అవునవును, కుంకుమ చెరపకూడదన్నారు. ఆ ఒక్క మాట మీద లంకలో అభిప్రాయభేదం లేదు. నేను ఆగలేకపోయాను. బొట్టు దగ్గర కాదు, చివరి అక్షరం కింద గీరి చూడండని అరిచాను. మెకానిక్కు వేలు ఒక్కక్షణం అటు జరిగింది కూడా. పెదమామయ్య నావైపు చూపించి, "వాడి మాట వింటే సాయంత్రానికి అవతలి గట్టున గేదెని వెతుకుతుంటావు," అన్నాడు. వేలు వెనక్కొచ్చేసింది. గట్టు మీద కూర్చున్న మేనత్త తలెత్తలేదు. ఒళ్ళో దోసకాయ పెట్టుకుని ముక్కలు కోసుకుంటోంది.

బొట్టు నడిమధ్యకి చూసి పళ్ళెం బిగించాడు. తాడు చుట్టి, కాలు దన్ను పెట్టి గుంజాడు. మోటారు ఒక్క తన్ను తన్నింది. తాడు వాడి చేతిలోంచి వెనక్కి లాక్కుపోయింది, ముడి మణికట్టుకి తగిలింది, ఆ ఊపుకి కళ్ళద్దాలు గోదావరిలో పడ్డాయి. పెట్రోలులో నీళ్ళున్నాయన్నాడు. పెట్రోలు మార్చారు, మళ్ళీ తన్నింది. ప్లగ్గు మార్చారు, మళ్ళీ తన్నింది. లంక గాలిలో చెమ్మ ఎక్కువన్నాడు. పక్కకు తప్పుకోవోయ్ అంటూ పెదమామయ్య పంచె ఎగ్గట్టి పడవలోకి దిగాడు. ఆయన గుంజిన గుంజుకి మోటారు ఇచ్చిన జవాబుకి ఆయన పడవ అడుగున నిలిచిన చేపల నీళ్ళలో వెల్లకిలా పడ్డాడు. మడత నలగని పంచె నలగడమే కాదు, రంగు మారింది. ఇసుకతిన్నెల మీద ఒక్క కొంగ కూడా లేవలేదు.

ఇది చచ్చిన మోటారండీ, పాత ఇనుముకి వేసేయండని మెకానిక్కు తీర్పు చెప్పి పెట్టె సర్దుకున్నాడు. మాట ప్రకారం అక్కడితో అయిపోవాలి. కానీ పెదమామయ్య పంచె పిండుకుంటూ కొత్త న్యాయం తీశాడు. "ఎవరికీ స్టార్టవనిది నాకు స్టార్టవలేదంటే ఎలా? ఆవిడ చేత సర్దించి స్టార్ట్ చేయించండి. మనందరి కళ్ళెదటే. అప్పుడు కాదనను. ఆవిడకీ కాకపోతే రేపు తూకానికి వేసేస్తాను, ఆవిడ ఇంటికొచ్చేస్తుంది."

ముందు ఒప్పుకున్నది ఇది కాదని అనవలసిన పెద్దమనుషులు, ఒకరి మొహాలొకరు చూసుకుని, ఇదీ సబబుగానే ఉందన్నారు. ఆ రోజు నుంచి ఎవరైనా సబబు అన్న మాట వాడితే నేను లేచి అవతలికి పోతాను.

అందరి కళ్ళెదటా సర్దితే అసలు గీత అందరికీ తెలిసిపోతుంది. ఇవాళ నెగ్గినా, పెదమామయ్య మర్నాడు మోటారు ఎత్తుకుపోయి తనే సర్దించుకోగలడు. గీత చూపించకుండా సర్దితే మోటారు తంతుంది. ఎటు చూసినా వసారాయే. ఆ వసారాలో ముసలావిడ ఆ వేళ కూడా గుమ్మం పక్కన కూర్చుని రేవువైపు చూస్తూ ఉండి ఉంటుంది.

మేనత్త దోసకాయ ముక్కలు నా చేతిలో పెట్టి లేచింది. పడవలోకి దిగి, మోటారు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. చెంబుతో గోదావరి నీళ్ళు ముంచుకుంది. కొంగు తడిపింది. తడికొంగు చక్రం మీదికి తీసుకెళ్ళి, ఆ ఎర్రటి బొట్టుని నెమ్మదిగా, పూర్తిగా తుడిచేసింది.

రెండేళ్ళ కిందట, పదోరోజున, ఇదే రేవులో, ఇదే మెట్టు మీద ఆవిడని కూర్చోబెట్టి తడిగుడ్డతో నుదురు తుడిచారు. ఆ తంతు ముత్తయిదువులు చూడకూడదంటారు. గట్టు మీదున్న ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా కొంగులు మొహాలకి అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయారు. మగవాళ్ళకి ఆ నియమం లేదు. కానీ ఆ నాడు ముందుండి జరిపించినవాళ్ళు వాళ్ళే కనుక కళ్ళెక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకరు చుట్టవైపు, ఒకరు ఆకాశంవైపు, ఒకరు చెప్పులవైపు చూశారు. పెదమామయ్య పంచె పిండడం ఆపి, అవతలి గట్టులో ఏదో వెతుకుతున్నట్టు చూస్తూ ఉండిపోయాడు. మెకానిక్కు పొరుగూరివాడు, వాడికేమీ తెలియదు. అందరూ అటు తిరిగారంటే అక్కడేదో ఉందనుకుని వాడూ తిరిగాడు.

ముక్కుపుడక మొసలి అప్పుడు నిజంగానే వచ్చినా ఆ రేవులో దాన్ని చూసే కన్ను ఒక్కటి లేదు, నావి తప్ప.

మేనత్త గోటితో మైనం గీరింది. రవికలోంచి ఒక పాత శుభలేఖ ముక్క తీసింది. మామయ్య పాయింట్ల ఎడానికి ఆ అట్టనే కొలతగా వాడేవాడు. అది వాళ్ళ పెళ్ళి శుభలేఖే. దాన్ని పాయింట్ల మధ్య పెట్టి బిగుతు చూసింది. తరవాత గాలిపటం కాగితం చీలిక ఒకటి అక్కడే ఇరికించి, ఒక చేత్తో దాన్ని సుతారంగా లాగుతూ, రెండో చేత్తో చక్రాన్ని తిప్పింది. కాగితం పట్టు వదిలి జారిన చోట పాయింట్లు విడిపోయినట్టు. ఆ చోటు గీతకి ఎదురు పడేదాకా పళ్ళేన్ని కొంచెం జరిపింది, మళ్ళీ తిప్పింది, ఇంకాస్త జరిపింది, మర బిగించింది. గీతలో మళ్ళీ మైనం కూరి, మసి రాసి, బొటనవేలితో సాపు చేసింది. తొందరపడలేదు. వాళ్ళ సిగ్గు ఎంతసేపు ఉంటుందో ఆవిడకి బాగా తెలుసు.

తాడు చుట్టి గుంజింది. మోటారు దగ్గింది. మళ్ళీ చుట్టి గుంజింది. ఇంకోసారి దగ్గి నల్లటి పొగ వదిలింది. మూడోసారి గుంజేసరికి అది అందుకుంది. తిన్నెల మీద కొంగలన్నీ తెల్లగా లేచాయి. రేవులో జనం తిరిగి చూసేసరికి మేనత్త చుక్కాని పట్టుకుని కూర్చుని ఉంది.

పెద్దమనుషుల్లో ఒకరైన పంచాయతీ ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకుని, ఇక పడవ ఊసు ఎవరూ ఎత్తకూడదని, అది మొదట్నించీ తన అభిప్రాయమే అన్నట్టు ప్రకటించారు. మేనత్త మెకానిక్కుని పిలిచింది. "బస్సు టైమైందయ్యా, ఎక్కు. నీ పెట్టె పైన పెట్టుకో, అడుగున చేపనీళ్ళున్నాయి. మా బావగారు కొన్ని పట్టుకెళ్ళారు గానీ ఇంకా మిగిలాయి." వాడు ఎక్కాడు, వెనకే నేనూ ఎక్కాను. దారంతా ఒక్కసారి కూడా దువ్వెన తీయలేదు.

వాణ్ణి దించి తిరిగొస్తుంటే పడవలో మేమిద్దరమే. నేను అడిగాను, మెకానిక్కుకి అసలు విద్య వస్తే ఏమయ్యేదని. ఆవిడ నవ్వింది. "బుర్రున్నవాడైతే ప్లగ్గు విప్పి, ఆ కన్నంలో పుల్ల పెట్టి, లోపల పిస్టను ఎప్పుడు పైకొస్తుందో చూసుకునేవాడురా. వాడికి గీతతో పనేంటి, బొట్టుతో పనేంటి. కానీ అలాంటివాణ్ణి మా బావగారు తీసుకురాడు. చెప్పినమాట వినేవాణ్ణే తెచ్చుకుంటాడు." నీళ్ళవైపు చూస్తూ అంది. "మోటారు మీద కుంకుమ చెరపడానికి ఎంత భయపడ్డాడో చూశావుగా. నాకు చెరిపిన నాడు ఆ చెంబు అందించింది ఆయనే."

నా కడుపులో ఉన్న మాట అడిగేశాను. "మరి నాకెందుకు చెప్పావత్తా? నేను చెప్పేస్తానని తెలీదా?"

"తెలిసే చెప్పాను. బొట్టు జరిగిందని ఎవడైనా పసిగట్టి నాలుగుచోట్లా గీరి చూస్తే నా బతుకేం కావాలి? ఆ ఒక్కచోటా ఎవడి గోరూ పడకుండా ఉండాలంటే, అక్కడే ఉందని నువ్వు చెప్పాలి. నీ నోట్లో పెట్టిన నిజానికి వేరే తాళం అక్కర్లేదురా నాన్నా."

పెదమామయ్యని, మెకానిక్కుని, పెద్దమనుషుల్ని కలిపి ఆవిడ ఎంత లోకువగా చూసిందో నన్నూ అంతే లోకువగా చూసిందని అప్పుడర్థమైంది. కాకపోతే వాళ్ళు ఆవిడకి అక్కరకు రాలేదు, నేను వచ్చాను. ఆ తేడా పట్టుకుని ఊరట చెందడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆ రోజు మాత్రం దోసకాయ ముక్కలు నమలకుండా మింగాను. ఆ తరవాతి శుక్రవారం బొట్టు చక్రం మీద ఇంకోచోట వెలిసింది. అది జరిగిన సంగతి కూడా ఎవరూ గమనించలేదు.

ఆ రోజు నుంచి నాకు అంటుకున్నవి రెండు. నేను ఎన్ని కోతలు కోసినా, అసలు గీత ఎక్కడుందో నా వరకు నాకు తెలిసి ఉంచుకుంటాను. ఎవరైనా ఒక గుర్తుని ఎర్రగా, నిండుగా, కళ్ళకి కనబడేటట్టు పెట్టి చూపిస్తే, దండం పెట్టేముందు పక్కకు వంగి చూస్తాను. ఇంతవరకూ ఒక్కసారి కూడా ఆశాభంగం కలగలేదు.

మేనత్త పోయి చాలా కాలమైంది. చివరిదాకా సొంత ఇంట్లోనే ఉంది, సొంత నోటితోనే తిట్టింది. మోటారు నాకిచ్చి వెళ్ళింది. మా ఇంటి చావడిలో చెక్క మీద బిగించి ఉంది, తాడు లాగితే ఇప్పటికీ పలుకుతుంది. పెదమామయ్య మనవడు ఈమధ్య రెండుసార్లు వచ్చాడు. తాతగారి ఉమ్మడి సొత్తు కదా బాబాయ్, పాత వస్తువులంటే నాకు సరదా అంటూ చక్రం చుట్టూ వేలు పెట్టి తడుముతున్నాడు. చూపు అచ్చం ఆయనదే. ఈ పుస్తకం కూడా కొనుక్కుని చదువుతాడు, నాకు తెలుసు.

కనుక మొదట చేసిన ప్రమాణాన్ని ఇక్కడ కాస్త సవరించుకోవాలి. రేవూ, బొట్టూ, తడికొంగూ, కొంగలూ, వసారాలో ముసలావిడా, అన్నీ జరిగినవి జరిగినట్టే రాశాను. పెదమామయ్య చేపనీళ్ళలో పడ్డది కూడా నిజమే. అది నేను కల్పించాలని ఎంతో ఆశపడ్డాను గానీ అవసరం రాలేదు. కల్పించింది ఒక్కటే. గీత చివరి అక్షరం కింద లేదు. ఆవిడ ఆ పెరట్లో నాకు చెప్పిన చోటు వేరు. నేను ఆ నాడు లంకంతా తిరిగి, ఏడ్చి, ఒట్లు పెట్టి అరిచిందీ ఆ చోటే, ఇక్కడ రాసింది కాదు. అది విన్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కణ్ణే.

రేపు శుక్రవారం. కుంకుమలో ఆముదం కలపాలి.